నవ్వకుంట నవ్విచ్చినోడు: బస్టర్ కీటన్ ముచ్చట

తుఫాను గాలిల ఒక మనిషి వీధి నడుమ నిలబడి ఉంటడు. ఆయన వెనక ఉన్న ఇంటి ముందటి గోడ మొత్తం ఊడి ఆయన మీదికి వొరుగుతది. ఆయన కదలడు. గోడకున్న కిటికీ సందు సరిగ్గ ఆయన నిలబడ్డ జాగల దిగుతది. ఆయన ఒక్కసారి అటిటు చూసి ఉరుకుతడు. గంతే. ఈ తునక మీరు ఫోన్ల ఎన్నడో ఒకనాడు చూసే ఉంటరు. వెనక ఏదో పాట పెట్టి, మీద నవ్వు బొమ్మలు పెట్టి తిప్పుతనే ఉంటరు. తీసి వందేండ్లు కావస్తున్నది, ఇంక తిరుగుతనే ఉన్నది.

మా ఊర్ల మేం నలుగురం దోస్తులం కలిసి మూడేండ్ల సంది చిన్న చిన్న కామెడీ వీడియోలు తీస్తున్నం. నేను కెమెరా పడతా, ఎడిటింగ్ చేస్తా. మొన్న ఎండకాలం మాల చిన్నోడు ఈ తునక చూసిండు. మా పాత గొడ్లకొట్టం గోడ ఎట్లనో కూలగొట్టేదే ఉన్నది, నేను తలుపు సందుకు సూటిగ నిలబడతా, నువ్వు తియ్యి అన్నడు. వద్దంటె వినే రకం కాదు. సరే, ముందుగాల ఆయన ఎట్ల చేసిండో తెలుసుకుందాం, తర్వాత చూద్దాం అని చెప్పి ఆపిన. అప్పటి సంది చదువుడు, ఆయన సినిమాలు చూసుడు మొదలువెట్టిన. చదువుకుంట పోతే గోడ ముచ్చట చిన్నగైంది, మనిషి ముచ్చట పెద్దగైంది. అదే నెలల మా ఇంటికి ఒక కాయితం సుత వచ్చింది. దాని సంగతి ఎనుక చెప్త.

ఆయన పేరు బస్టర్ కీటన్. తల్లిదండ్రులు పెట్టిన పేరు జోసెఫ్ ఫ్రాంక్ కీటన్. 1895 అక్టోబర్ 4న అమెరికాల కాన్సస్ రాష్ట్రంల పికువా అనే చిన్న ఊర్ల పుట్టిండు. ఆ ఊరితోని వాళ్లకు ఏ సంబంధం లేదు. తల్లి మైరా, తండ్రి జో ఊరూరు తిరిగి ఆటలాడేటోళ్లు. దారిల నొప్పులొస్తే ఆడ దిగిన్రు. వాళ్లు తిరిగింది మందులమ్మే కంపెనీతోని. మన అంగడిల నూనె సీసలు, వేర్లు అమ్మేటోడు ముందుగాల ఏదో ఒక తమాషా చూపిచ్చి జనాన్ని జమ చేస్తడు గదా, గట్లాంటిదే. జో గాలిల కాళ్లెగరేసి తన్నుట్ల మొనగాడు. మైరా సాక్సోఫోన్ వాయించేది.

బస్టర్ అనే పేరు ఎట్లొచ్చిందంటె, పసిపిల్లగాడప్పుడు మెట్ల మీదికెల్లి దొర్లిపడి సుత దెబ్బ తాకకుంట లేచిండట, అది చూసి ఇంద్రజాలికుడు హౌడిని ఆ పేరు పెట్టిండట. అందరు ఇదే రాస్తరు. నేనైతె నమ్మను. పరిశోధన చేసినోళ్లు సుత అనుమానంగనే చూస్తరు. జో కీటన్ పేపరోళ్లకు కతలల్లి చెప్పుట్ల సుత మొనగాడే మరి.

నాలుగైదేండ్ల వయసుల పిల్లగాన్ని ఆటల దింపిన్రు. ఆటేందంటె, చెప్పిన మాట వినని కొడుకును తండ్రి స్టేజీ మీద ఇసిరేసుడు. పరదాల మీదికి, వాయిద్యగాండ్లు కూసునే గుంతలకు, ఒక్కోసారి జనం మీదికి సుత. పట్టుకొని ఇసిరేటందుకు అనువుగ ఉండాల్నని పిల్లగాని అంగికి వెనక సూట్‌కేసు పిడి కుట్టిచ్చిన్రు. నిజంగ కుట్టిచ్చిన్రు. న్యూయార్క్‌ల పిల్లల మీద దౌర్జన్యాన్ని అడ్డుకునే సంఘమోళ్లు ఈ ఆటను బందు చేపియ్యాల్నని ఎంటవడ్డరు. అంగి ఇప్పి చూస్తే ఒంటి మీద దెబ్బలు కనవడకపొయ్యేటివి. పడేటప్పుడు ఏ కాలు ముందు పెట్టాలె, ఒళ్లు ఎక్కడ సడలియ్యాలె అనేది ఆ పోరనికి అప్పటికే తెలిసిపోయింది. పెద్దగైనంక ఆయన ఎన్నడు తండ్రిని తప్పువట్టలే, నాకు దెబ్బలు తాకలేదనే చెప్పుకుంట వచ్చిండు. నేను మాత్రం ఆ మాటను మొత్తానికి మొత్తం ఒప్పుకోలేను. మా చిన్నప్పుడు ఊర్లకు గడెక్కి ఆడే కుటుంబాలు వచ్చేటివి. ఆరేడేండ్ల ఆడపిల్ల అంత ఎత్తు గడ మీద పండుకొని తిరుగుతుంటె కింద డోలు మోగేది, మేం చప్పట్లు కొట్టేటోళ్లం. ఆ పిల్ల బడి సంగతి మాల ఒక్కడు అడగలే. కీటన్ సుత బడికి పోయింది లేనట్టే.

ఆ ఆటలనే ఆయనకు ఒక సంగతి పట్టువడ్డది. కిందవడ్డంక తను నవ్వితే జనం తక్కువ నవ్వుతున్నరు. మొఖం రాయి లెక్క పెడితే ఇరగబడి నవ్వుతున్నరు. ఇగ అప్పటి సంది సినిమాల్ల నవ్వుడు బందు. ఎవరో నేర్పిన కళ కాదిది, రోజుకు రెండుసార్లు జనం ముందట పడుకుంట తెలుసుకున్న లెక్క. రాయి మొఖం అంటరు గని, ఆయన సినిమాలు చూస్తే ఆ కండ్లు ఊకుండవు. భయం, ప్రేమ, పంతం, అన్నీ ఆ కండ్లల్లనే నడుస్తయి.

తండ్రికి తాగుడు ఎక్కువైంది. తాగినోడు ఇసిరితే లెక్క తప్పుతది. 1917ల తల్లి, కొడుకు ఆటను ఇడిచిపెట్టి వచ్చేసిన్రు. బస్టర్‌కు అప్పుడు ఇరవై ఒక్కటేండ్లు. న్యూయార్క్‌ల పెద్ద నాటక కంపెనీల వారానికి 250 డాలర్ల కొలువు దొరికింది. చేరేలోపట రాస్కో ఆర్బకల్ అనే పెద్ద కామెడీ నటుడు సినిమా తీసే కాడికి రమ్మంటె పోయిండు. పోయినోడు నటించుడు కంటె ముందు కెమెరా చుట్టు తిరిగిండు. లోపల ఏమున్నది, రీలు ఎట్ల తిరుగుతది, తునకలు ఎట్ల కలుపుతరు, అన్నీ ఇడదీసి చూసిండు. 250 డాలర్ల కొలువు వదిలి 40 డాలర్లకు సినిమాల చేరిండు. ఆ కెమెరా పెట్టె మీద మనసువడ్డది.

నడుమ 1918ల పట్టాలం కింద ఫ్రాన్స్‌కు పోయి, చెవి జబ్బు తెచ్చుకొని, వినికిడి కొంత పోగొట్టుకొని వచ్చిండు. మాటల్లేని సినిమాలల్ల దానితోని పెద్ద నష్టం లేకపోయె.

1920ల నిర్మాత జోసెఫ్ షెంక్ ఆయనకు సొంత స్టూడియో ఇచ్చిండు. మరుసటేడు షెంక్ మరదలు నటాలీని పెండ్లి చేసుకున్నడు కాబట్టి ఇద్దరు తోడల్లుండ్లు సుత అయిన్రు. ఆ స్టూడియోకెల్లి జనం ముందటికొచ్చిన మొదటి సినిమా వన్ వీక్. మీరు ఒక్కటే చూస్తమంటె నేను దీన్నే చూడుమంట. అర్ధగంట సుత ఉండదు. కొత్తగ పెండ్లయిన జంటకు డబ్బాలల్ల పెట్టి పంపిన ఇల్లు కానుకగ వస్తది. నంబర్ల ప్రకారం బిగిచ్చుకుంట పోతె ఇల్లు తయారైతది. ఆ పిల్ల మీద మనసువడ్డ ఇంకొకడు కడుపుమంటతోని డబ్బాల మీది నంబర్లు మార్చి రాస్తడు. ఇగ ఆ ఇల్లు చూడాలె! వాకిలి పై అంతస్తుల ఉంటది, గోడలు వంకర, కిటికీలు ఏడుపు మొఖం పెట్టినట్టుంటయి. గాలిదుమారమొస్తే ఇల్లంత బొంగరం లెక్క తిరుగుతది. ఎనుక తెలుస్తది, వేరేటోళ్ల జాగల కట్టినమని. గుంజుకపోతుంటె పట్టాల మీద ఇరుక్కుంటది, రైలు వస్తుంటది. మొగుడు పెండ్లాం కండ్లు మూసుకుంటరు. రైలు పక్క పట్టా మీదికెల్లి పోతది. హమ్మయ్య అనుకుంటుండంగనే అటుదిక్కుకెల్లి ఇంకో రైలొచ్చి తుక్కు తుక్కు చేస్తది. అప్పుడు ఆయన ఏడ్వడు, తిట్టడు. తుక్కుల ఒక అమ్మకపు బోర్డు పాతి, బిగిచ్చే పద్ధతి రాసున్న కాయితం దానికి తగిలిచ్చి, పెండ్లాం చెయ్యి పట్టుకొని నడుసుకుంట పోతడు. అప్పు చేసి ఇల్లు కట్టినోళ్లకు ఇది నేను ఇడమర్చి చెప్పే పని లేదు. మా అవ్వకు చదువు రాదు, ఇంగ్లీష్ అసలే రాదు. చెవులు సుత సరిగ్గ వినవడయి. ఆ ఇల్లు తిరుగుతుంటె నా భుజం పట్టుకొని నవ్వింది.

ఆయన పని చేసిన పద్ధతి నాకు మస్తు నచ్చింది. రాసిపెట్టిన కత ఉండకపొయ్యేది. మొదలేంది, చివరేంది అనేది తెలిస్తే నడుమది దానంతటదే వస్తదని పనిల దిగేటోళ్లు. ఉపాయం తట్టకపోతె షూటింగ్ ఆపి అందరు బేస్‌బాల్ ఆడేటోళ్లు. ఆటల ఉపాయం తడితే బ్యాటు పడేసి మళ్ల పని. కని ఉపాయం దొరికినంక మాత్రం ఆట లేదు, కొలతనే. 1924ల తీసిన షెర్లాక్ జూనియర్‌ల సినిమాహాలు ఆపరేటర్ నిద్రల లేసి తెర లోపటికి పోతడు. లోపట సీను మారుతుంటది, ఆయన అదే తీరుగ ఉంటడు. తోటల కూసునబోతె నడివీధిల పడతడు, బండ మీదికెల్లి నీళ్లల్ల దుంకితే మంచుల తల కూరుకుపోతది. కంప్యూటర్లు లేని కాలం. పొలాలు కొలిచే సర్వేయర్ల సామాను తెచ్చి, కెమెరాకు మనిషికి నడుమ దూరం కొలిచి, ప్రతి జాగల అదే కొలతకు నిలబడి తీసిన్రు. ఇయ్యాల మనం ఫోన్ల ఒక్క బటన్ నొక్కి చేసే పని ఇది.

మరుసటేడు సెవెన్ ఛాన్సెస్ సినిమాను ముందుగాల కొంతమంది జనానికి చూపిచ్చిన్రు. ఉరికే సీన్ల కీటన్ కాలు తాకి రెండు మూడు రాళ్లు ఎంట దొర్లినయి. అది అనుకోకుంట అయ్యింది. జనం అక్కడ్నే గట్టిగ నవ్విన్రు. ఆయన వాపస్ పోయి కాయితపు గుజ్జుతోని వందల రాళ్లు చేపిచ్చి, చిన్న రాయి కాడికెల్లి ఇల్లంత బండ దాంక ఆయన ఎంట దొర్లిచ్చి మళ్ల తీసిండు. తప్పు అయితె కోసి పారేయలే, పెంచిండు.

ఇప్పుడు మా చిన్నోనికి చెప్పిన సంగతి. కొలత ఇంత గట్టిగున్న మనిషికి సుత షెర్లాక్ జూనియర్‌ల లెక్క తప్పింది. రైలింజిన్లకు నీళ్లు పట్టే ట్యాంకు పైపు పట్టుకొని వేలాడే సీన్ల, అనుకున్న దానికంటె ఎక్కువ నీళ్లు మీద పడి, మెడ పోయి పట్టాకు తాకింది. కొన్ని దినాలు తలనొప్పి అని ఊకున్నడు. ఏండ్లు గడిచినంక డాక్టరు ఎక్స్‌రే తీస్తే తెలిసింది, అప్పుడు ఆయన మెడ బొక్క ఇరిగిందని. అంటె ఇరిగిన మెడతోనే పని చేసిండు. ఇది విని గొప్పోడన్నా అన్నడు మా చిన్నోడు. నేను చెప్పింది గొప్ప సంగతి కాదని వానికి ఎట్ల చెప్పాల్నో సమజ్ కాలే.

గోడ సంగతి సుత ఒక్కనాడు తట్టి తీసింది కాదు. 1919ల ఆర్బకల్‌తోని చేసిన బ్యాక్ స్టేజ్‌ల తేలికపాటి పరదా గోడ పడుతది, కిటికీ సందు ఉంటది. వన్ వీక్‌ల కొంచెం పెద్ద గోడ. 1928ల స్టీమ్‌బోట్ బిల్ జూనియర్‌ల అసలు గోడ, బరువు దాదాపు రెండు టన్నులు. అంటె తొమ్మిదేండ్లు అదే ఉపాయాన్ని పెంచుకుంట వచ్చిండు. గోడ కింద కీలు పెట్టి, ఒక్క తీరుగ వొరిగేటట్టు గట్టిగ కట్టిచ్చి, పాదాలు ఎక్కడ ఉండాల్నో గుర్తు పెట్టి నిలబడ్డడు. ఆయన ఒంటికి, కిటికీ చట్రానికి నడుమ రెండు మూడు అంగుళాల సందు. షూటింగ్ కాడున్నోళ్లు కొందరు చూడలేక మొఖం తిప్పుకున్నరు. అయినా నా మాటేందంటె, ఆ పని చెయ్యాల్సింది కాదు. ఆ దినాలల్ల ఆయన మనసు సుత బాగలే. ఇంట్ల సుఖం లేదు, తాగుడు మొదలైంది, స్టూడియో మూతవడుతున్నదని అప్పుడే తెలిసింది. ఫోన్ల తిరిగే పది సెకండ్లల్ల ఇవేవీ కనవడయి.

స్టూడియో ఎందుకు మూతవడ్డదంటె, పెద్ద కారణం ది జనరల్. 1926ల ఒరెగాన్ రాష్ట్రంల కాటేజ్ గ్రోవ్ కాడ తీసిన్రు. అమెరికా అంతర్యుద్ధంల, 1862ల నిజంగ జరిగిన రైలింజిన్ దొంగతనం మీద కత. కాలుతున్న వంతెన మీదికెల్లి అసలు ఇంజిన్‌నే నదిల కూలగొట్టిన్రు. ఆ ఒక్క సీనుకు 42 వేల డాలర్లు. మూగ సినిమాల కాలంల అంత ఖర్చైన సీను ఇంకోటి లేదంటరు. ఆ ఇంజిన్ తుక్కు రెండో ప్రపంచయుద్ధం దాంక నదిల్నే పడున్నది. సినిమా వచ్చినంక పేపరోళ్లు తిట్టిన్రు, పైసలు మునిగినయి. 1989ల అమెరికా ప్రభుత్వం దాచిపెట్టాల్సిన సినిమాల జాబితా మొదటిసారి చేస్తే అందుల ఇది ఉన్నది.

నాకు ఈ సినిమాతోని ఒక పేచీ ఉన్నది, అది సుత చెప్పాలె. హీరో దక్షిణాది దిక్కు. అంటె నల్లజాతి మనుషులను బానిసలుగ ఉంచాల్నని కొట్లాడిన దిక్కు. ఆ బానిసత్వం ఊసు సినిమాల లేదు. ఆయన వేరే సినిమాల్ల మొఖాలకు నల్లరంగు పూసి నవ్విచ్చే సీన్లు సుత ఉన్నయి. ఆ కాలంల అందరు చేసిన్రంటరు. చేసిన్రు. అయినా ఆడ నాకు నవ్వు రాదు.

ఇగ కాయితం ముచ్చట. స్టూడియో మీద బోర్డు కీటన్ పేరే గని, కంపెనీల వాటాలు ఆయనవి కావు. చాప్లిన్, హెరాల్డ్ లాయిడ్ వాళ్ల సినిమాలకు వాళ్లే యజమానులు. కీటన్ ఆ లెక్కలు ఎన్నడు పట్టిచ్చుకోలే, అన్నీ తోడల్లుడే చూసుకునేటోడు. 1928ల ఆ తోడల్లుడే ఎంజీఎం అనే పెద్ద కంపెనీల చేరుమని చెప్పిండు. ఎంజీఎంను నడిపే పై కంపెనీకి షెంక్ సొంత తమ్ముడు నికోలస్ పెద్ద. వారానికి 3000 డాలర్ల జీతం. చాప్లిన్, లాయిడ్ ఇద్దరు వద్దన్నరు, అంత పెద్ద కంపెనీల నీ పని నీది కాకుంట పోతదని చెప్పిన్రు. అయినా సంతకం పెట్టిండు. నా బతుకుల నేను చేసిన పెద్ద తప్పు ఇదే అని ఎనుకటికి చెప్పుకున్నడు.

మొదటి సినిమా ది కెమెరామ్యాన్ మంచిగనే వచ్చింది. తర్వాత మెల్లగ పగ్గాలు గట్టివడ్డయి. కత రాసేటోళ్లు వేరు, మాటలు రాసేటోళ్లు వేరు, ఎన్ని దినాల్ల తియ్యాలె అనేది ఆఫీసోళ్ల లెక్క. ఉపాయం తట్టకపోతె బంతాట ఆడేటందుకు టైం ఎవడిస్తడు? మాటల సినిమాలొచ్చినయి. ఒకే సినిమాను ఇంగ్లీష్‌ల తీసి, మళ్ల స్పానిష్‌లనో, ఫ్రెంచ్‌లనో, జర్మన్‌లనో మాటలు బట్టీ పట్టిచ్చి ఆయనతోనే తీపిచ్చిన్రు. గడగడ మాట్లాడే జిమ్మీ డ్యురాంటీని పక్కకు జత చేసిన్రు. అసలు చేదు సంగతేందంటె, ఆ సినిమాలు బాగ ఆడినయి. ఆయన పానంవెట్టి తీసిన వాటికంటె ఎక్కువ పైసలొచ్చినయి. నీ పద్ధతి మంచిదని కంపెనీతోని వాదిద్దామంటె చేతుల లెక్క సుత లేకపోయె.

తాగుడు ముదిరింది. 1932ల పెండ్లి ఇరిగింది, ఇద్దరు కొడుకుల ఇంటిపేరు సుత తల్లి దిక్కు మారింది. 1933ల ఎంజీఎం కొలువుల కెల్లి తీసేసింది. కొన్నేండ్లు ఆగమాగం, దవాఖానలు, ఇంకో పెండ్లి, అది సుత ఇరిగింది. 1937ల అదే ఎంజీఎంల వేరేటోళ్ల సినిమాలకు నవ్వులు చెప్పే పనికి వారానికి 100 డాలర్లకు చేరిండు. 3000 తీసుకున్న గేటులకే 100కు పోయిండు. దీన్ని చాలామంది పతనం అని రాస్తరు. నాకట్ల అనిపియ్యలే. పని వచ్చినోడు పనిలకు పోయిండు.

1940ల ఎలినార్ నోరిస్ అనే నాట్యగత్తెను పెండ్లి చేసుకున్నడు. ఆమె ఆయన కంటె ఇరవై మూడేండ్లు చిన్నది. నిలవదని అందరన్నరు, చివరిదాంక నిలిచింది. పారిస్‌ల సర్కసుల ఆడిండు, టీవీల ఆడిండు, 1952ల చాప్లిన్ లైమ్‌లైట్‌ల ఒక సీను చేసిండు. ఆయన పాత బంగళా కొనుక్కున్న నటుడు జేమ్స్ మేసన్‌కు 1950లల్ల ఆడ దాచిపెట్టిన పాత రీళ్లు దొరికినయి. పోయినయనుకున్న సినిమాలు మళ్ల జనం ముందటికొచ్చినయి. 1960ల గౌరవ ఆస్కార్ ఇచ్చిన్రు. 1965ల వెనిస్ సినిమా పండుగల జనం లేచి నిలబడి చాలాసేపు చప్పట్లు కొట్టిన్రు. మరుసటేడు, 1966 ఫిబ్రవరి 1న, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోని పోయిండు. డెబ్బై ఏండ్లు. అది క్యాన్సర్ అని ఆయనకు చెప్పలేదు, చివరి దినాలల్ల సుత ఇంట్ల పత్తాలాడిండు.

తర్వాతి కాలంల జాకీ చాన్ తన ప్రాజెక్ట్ ఎ రెండో భాగంల ఆ గోడనే మళ్ల కూల్చుకొని ఆయన మీది ఇష్టం చూపిచ్చిండు. కీటన్ 1920లల్ల తీసిన సినిమాలకు అమెరికాల కాపీరైట్ తీరిపోయింది. ఫోన్ల ఫ్రీగ దొరుకుతయి.

మా కొట్టం గోడను పోయిన ఐతారం కూలగొట్టినం. తలుపు సందు దిగే జాగ టేపు పెట్టి కొలిచి, ఆడ గడ్డి బొమ్మకు చిన్నోని అంగి తొడిగి నిలబెట్టినం. ట్రాక్టరుకు తాడు కట్టి గుంజితే గోడ ఒక్క తీరుగ వొరగలే, నడుమకు ఇరిగి పెళ్లలు పెళ్లలుగ పడ్డది. మట్టి తీసి చూస్తే బొమ్మకు నెత్తి లేదు. చిన్నోడు అంగి దులుపుకొని తీసుకపోయిండు, ఇంటికొచ్చేదాంక ఏం మాట్లాడలే.

మాకు వచ్చిన కాయితం పట్నంల ఒక వీడియో కంపెనీది. మా ఛానల్ వాళ్లు తీసుకుంటరు, నలుగురికి నెల నెల జీతమిస్తరు. మా ఇండ్లల్ల ఆ పైసలు మస్తు అక్కరకొస్తయి, నాకు బాకీ సుత ఉన్నది. రెండో పేజీల, ఏది తియ్యాలె, ఎట్ల తియ్యాలె, నెలకు ఎన్ని తియ్యాలె అనేది కంపెనీ ఇష్టమని రాసి ఉన్నది. దాని కింద పెన్నుతోని గీత గీసి టీవీ కింద పెట్టిన. ఈ శనివారం నలుగురం కూసుంటం. ముందుగాల వన్ వీక్ చూస్తం.